రెండు పడవలా, ఒకటే పడవా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ పూర్తయి తొమ్మిది నెలలైంది. సైబర్ సెక్యూరిటీ అంటే ఇష్టం. ప్రోగ్రామింగ్ కూడా బాగానే వచ్చు. అందుకే రెజ్యూమె మొదట్లో ‘సైబర్ సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ రంగాలలో అవకాశం కోసం చూస్తున్నాను’ అని రాసుకున్నాను. ఇప్పటికి 163 దరఖాస్తులు పంపితే నాలుగు చోట్ల నుంచి జవాబు వచ్చింది. సెక్యూరిటీ ఉద్యోగాలకు రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. డెవలపర్ ఉద్యోగానికి వెళ్తే ‘మీ ఆసక్తి సెక్యూరిటీ మీద కదా, మా దగ్గర ఎన్నాళ్లుంటారు?’ అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టావు, ఒకటి వదిలెయ్యి అంటున్నాడు మా అన్నయ్య. ఏది వదలాలి? ఏదైనా సర్టిఫికెట్ చేయమంటారా? రెజ్యూమె, ప్రాజెక్టు కోడ్ లింకు జత చేశాను.
– పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: మీ అన్నయ్య రోగం సరిగ్గానే కనిపెట్టాడు. మందు మాత్రం తప్పు చెప్పాడు. మీ కాళ్లు రెండు పడవల మీద ఉన్నట్టు కనిపిస్తున్నది రెజ్యూమెలోనే. ఆ మొదటి వాక్యం చదివితే మీకేం కావాలో తెలుస్తుంది కానీ, మీరేం చేయగలరో తెలియదు. రోజుకు వందల రెజ్యూమెలు తిరగేసేవారు దాని దగ్గర ఆగరు.

దాని సంగతి తరువాత చూద్దాం. నేను ముందు మీ కోడ్ తెరిచాను. ఎవరు లింకు పంపినా చదవడం నా అలవాటు. ఎలాగూ ఎవరూ చదవరన్న ధైర్యంతోనే చాలామంది పంపుతారని నా అనుమానం. మీది గ్రంథాలయం ప్రాజెక్టు. సభ్యులు లాగిన్ అయి పుస్తకాలు తీసుకుంటారు, తిరిగి ఇస్తారు, ఆలస్యమైతే జరిమానా పడుతుంది. ఫంక్షన్లకు పెట్టిన పేర్లలోనే మీ శ్రద్ధ తెలుస్తోంది. డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యాలలో యూజర్ ఇచ్చిన మాటలను నేరుగా అతికించకుండా పారామీటర్లు వాడారు, సంతోషం. నా కంప్యూటర్‌లోనే నడిపి చూశాను. అరగంటలో మూడు లోపాలు దొరికాయి.

17వ సభ్యుడిగా లాగిన్ అయ్యాను. నా వివరాల పేజీ చిరునామా చివర 17 అని కనిపించింది. దాన్ని 18 చేశాను. 18వ సభ్యుడి ఫోను నంబరు, తీసుకున్న పుస్తకాలు, కట్టవలసిన జరిమానా అన్నీ తెర మీదికి వచ్చాయి. మీ కోడ్ ‘ఈ మనిషి లాగిన్ అయ్యాడా’ అని మాత్రం అడుగుతోంది. ‘ఈ వివరాలు ఈ మనిషివేనా’ అని అడగడం లేదు. దీన్ని విద్యార్థి పొరపాటుగా కొట్టిపారేయకండి. వెబ్ అప్లికేషన్లకు పొంచి ఉన్న ముప్పుల మీద ఓవాస్ప్ సంస్థ వేసే పది అంశాల జాబితాలో ఈ కోవ లోపాలు 2017లో ఐదో స్థానంలో ఉండేవి. 2021 జాబితాలో మొదటి స్థానానికి ఎక్కాయి. అంతకుముందు మొదట ఉన్న ఇంజెక్షన్, అంటే యూజర్ ఇచ్చే మాటల్లో ఆదేశాలు దాచి నడిపించే దాడి, మూడో స్థానానికి దిగింది. నాకు తోచిన కారణం ఒకటుంది. ఇంజెక్షన్‌ను అడ్డుకునే ఏర్పాట్లు ఈనాటి ఫ్రేమ్‌వర్కులలో, అంటే అప్లికేషన్లు కట్టడానికి వాడే తయారు చట్రాలలో, ముందే ఉంటాయి. ఏ వివరం ఎవరిదన్నది మాత్రం ఏ ఫ్రేమ్‌వర్కుకూ తెలియదు, రాసే మనిషే చెప్పాలి. ఇది చదవగానే మీరు 17 బదులు ఎవరూ ఊహించలేని పొడవైన అక్షరాల వరుస పెట్టాలనుకుంటారేమో. అది తలుపుకు తాళం వేయకుండా ఇంటి నంబరు చెరిపేయడం. చిరునామా తెలిసిన రోజున ఎవరైనా లోపలికి వస్తారు. డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చేటప్పుడే, అవి లాగిన్ అయిన సభ్యుడివో కాదో సర్వర్ చూసుకోవాలి. మీ కోడ్‌లో అది అదనంగా ఒక్క షరతు. అయితే ఒక్క పేజీలో పెడితే చాలదు. జరిమానా పేజీలో, పుస్తకం గడువు పెంచే పేజీలో కూడా ఇదే వరస.

రెండోది పాస్‌వర్డ్‌లు. ఎండీ5 అనే పద్ధతితో హాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి, దాచారు. అది పాతబడిందని మీరూ వినే ఉంటారు. ఎందుకు పనికిరాదని ఇంటర్వ్యూలో అడిగితే, రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హాష్ వచ్చేలా చేయవచ్చని 2004లోనే చూపారని పదిమందిలో తొమ్మిదిమంది చెబుతారు. నిజమే, కానీ పాస్‌వర్డ్‌ల విషయంలో అసలు చిక్కు అది కాదు. ఎండీ5 మరీ వేగంగా పనిచేస్తుంది. డేటాబేస్ ఎవరి చేతికైనా చిక్కితే, మామూలు గ్రాఫిక్స్ కార్డుతో సెకనుకు కోట్ల కొద్దీ పాస్‌వర్డ్‌లు పోల్చి చూడవచ్చు. పాస్‌వర్డ్‌కు కావలసింది కావాలని నెమ్మదిగా నడిచే పద్ధతి. 1999లో వచ్చిన బీక్రిప్ట్ ఆ ఆలోచనతోనే పుట్టింది. 2015లో పాస్‌వర్డ్ హాషింగ్ పోటీ గెలిచిన ఆర్గాన్2 అయితే సమయంతో పాటు మెమరీని కూడా ఖర్చు పెట్టిస్తుంది. నెమ్మదితనమే సుగుణమయ్యే చోటు ప్రోగ్రామింగ్‌లో ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే వెంటనే గుర్తురావడం లేదు.

మూడోది చదివి నవ్వుకున్నాను, క్షమించండి. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను సెట్టింగుల ఫైలులో రాసి, కోడ్‌తో పాటు అందరికీ కనిపించే చోట పెట్టారు. మూడు రోజుల తరువాత తప్పు తెలిసి తొలగించారు. ఆ మార్పుకు ‘పాస్‌వర్డ్ తీసేశాను’ అని పేరు కూడా పెట్టారు. కోడ్‌లో ప్రతి మార్పునూ దాచి ఉంచే గిట్ ఏదీ మరచిపోదు, అది ఉన్నదే అందుకు. దొంగకు వెతికే శ్రమ కూడా లేకుండా, ఎక్కడ చూడాలో మీరే గుర్తు పెట్టి ఇచ్చారు. ఒకసారి బయటపడిన పాస్‌వర్డ్‌ను చెరపడం వల్ల లాభం లేదు, మార్చేయాలి.

ఇప్పుడు చెప్పండి. ఈ మూడింటినీ కనిపెట్టడం ఏ పడవలో పని? సరిచేయడం ఏ పడవలో పని?

2024 మార్చిలో జరిగిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నాడు. కొలతలు సరిగా రావాలంటే కంప్యూటర్‌లో వేరే సందడి ఉండకూడదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్లు మాత్రం ప్రాసెసర్‌ను అవసరానికి మించి వాడుకుంటున్నాయి. ఒక్కో లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోంది. వేరొకరైతే ‘నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది’ అని సరిపెట్టుకునేవారు. ఆయన తవ్వుకుంటూ పోయి, ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడ్) 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దాచిన దొంగదారిని పట్టుకున్నాడు. దాన్ని పెట్టింది బయటివాడు కాదు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించుకుని, ఆ ప్రాజెక్టు బాధ్యతలు చేతికి తెచ్చుకున్న ఒక మారుపేరు మనిషి. కంచే చేను మేయడమంటే అదే. అంత పెద్ద దొంగదారిని పట్టుకున్న ఫ్రాయిండ్ వృత్తి సెక్యూరిటీ కాదు. తన కంప్యూటర్‌లో ఒక లాగిన్‌కు మామూలుగా ఎంతసేపు పడుతుందో తెలిసిన డెవలపర్, అంతే.

నా కథ దీనికి తలకిందులుగా నడిచింది. పదిహేనేళ్ల కిందట డెవలపర్ ఉద్యోగం దొరకక, ఒక సంస్థ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో రాత్రి విధులకు చేరాను. మా వాళ్లు దాన్ని ‘సాక్’ అంటారు. పని పేరు గంభీరమే కానీ, చేసేది రాత్రంతా తెర మీద లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో జరిగే పనుల నమోదులు, చూడడం. విండోస్‌లో లాగిన్ విఫలమైతే 4625 అనే సంఖ్యతో నమోదవుతుంది, సఫలమైతే 4624తో. ఒకే ఖాతాకు పది నిమిషాల్లో ఐదు వైఫల్యాలు వస్తే గంట మోగాలన్నది మా నియమం. ఒక రాత్రి రెండు దాటాక 4625లు వరుసగా రావడం మొదలైంది. ఒక్కో ఖాతాకు ఒక్కటే. కాసేపు ఆగి ఇంకో ఖాతాకు ఒకటి. గంట మోగలేదు. ఎవరో పాస్‌వర్డ్ తప్పు కొట్టారులే అనుకుని చూస్తూ కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక మూడు వందల మంది వరుసగా తప్పు కొట్టరన్న ఆలోచన నాకు రాలేదు. వాటి మధ్యలో ఒక 4624 కూడా ఉంది. ఉదయం విధులకు వచ్చిన పెద్దాయన ఆ ఒక్క గీతను వేలితో చూపించి, ఏమీ అనకుండా టీ తెచ్చుకోవడానికి వెళ్లాడు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

ఒకే పాస్‌వర్డ్‌ను వందల ఖాతాల మీద ఒక్కోసారి వేసి చూడడాన్ని పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారని ఆ రోజే తెలిసింది. మా నియమం ఖాతా వైపు నుంచి లెక్కపెడుతోంది. దాడి జరిగింది ఖాతాలన్నిటి మీదుగా, అడ్డంగా. ఆ వారాంతంలో కూర్చుని పైథాన్‌లో నలభై పంక్తులు రాశాను. ఒకే కంప్యూటర్ చిరునామా నుంచి గంటలో ఎన్ని వేర్వేరు ఖాతాలకు లాగిన్ విఫలమైందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్. నన్ను రాత్రి విధుల నుంచి పగటికి మార్చింది ఆ నలభై పంక్తులే. అక్కడ నాతో పాటు కూర్చున్నవారిలో నాకంటే ఎక్కువ సర్టిఫికెట్లు ఉన్నవారు ఇద్దరు. కోడ్ రాయగలిగింది నేనొక్కదాన్ని.

కాబట్టి ఏదీ వదలకండి. రెజ్యూమెలో మాత్రం రెంటినీ ఒకే వాక్యంలో కట్టేయకండి. రెండు రెజ్యూమెలు చేసుకోండి. డెవలపర్ ఉద్యోగాలకు పంపేదాంట్లో మీరు బ్యాకెండ్ (సర్వర్ వైపు) డెవలపర్. సెక్యూరిటీ అన్న మాట ప్రాజెక్టు వివరంలో, చేసిన పనిగా కనిపించాలి, కోరికగా కాదు. ‘ఇతర సభ్యుల వివరాలు కనిపించే లోపాన్ని గుర్తించి, అన్ని పేజీలలో సరిచేసి, అది తిరిగి రాకుండా టెస్టులు రాశాను’ అన్న ఒక్క వాక్యం మీరు ఇప్పుడు రాసిన ఆరు పంక్తుల నైపుణ్యాల జాబితాకంటే బరువైనది. ఆ జాబితాలో పద్నాలుగు పనిముట్ల పేర్లున్నాయి. వాటిలో ఎన్నింటిని ఒక్కసారికి మించి తెరిచారో మీ మనసుకు తెలుసు. అడిగితే పది నిమిషాలు మాట్లాడగలిగినవి ఉంచి తక్కినవి కొట్టేయండి.

‘ఎన్నాళ్లుంటారు’ అన్న ప్రశ్నకు మీరేం చెప్పారో రాయలేదు. తడబడ్డారనుకుంటాను. రెజ్యూమె మారితే ఆ ప్రశ్నే రాదు. వస్తే, ‘నేను రాసిన కోడ్‌ను ముందు నేనే పగలగొట్టి చూస్తాను, ఆసక్తి అంటే అదే’ అనండి. అలాంటి మనిషిని వద్దనే టీమ్ లీడర్ నాకింతవరకు తారసపడలేదు.

నా సలహా అడిగితే మొదటి ఉద్యోగం డెవలపర్‌గానే చూసుకోండి. సాక్ ఉద్యోగం వస్తే కాదనకండి, కానీ దాని కోసం కూర్చోకండి. డెవలపర్‌గా చేరాక లాగిన్ భాగం, అనుమతుల భాగం, పాత లైబ్రరీలను కొత్త వెర్షన్లకు మార్చే విసుగు పని, ఇవి అడిగి తీసుకోండి. మిగతావారు సంతోషంగా ఇచ్చేస్తారు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే లైబ్రరీలో లోపం బయటపడింది. లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-44228, తీవ్రత పదికి పది. అప్పుడు సెక్యూరిటీ విభాగాలు మొదట అడిగిన ప్రశ్న ‘దీన్ని ఆపడం ఎలా’ అని కాదు, ‘ఇది మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది’ అని. చాలాచోట్ల ఆ జవాబు తెలిసినవారు అంతవరకు ఎవరూ పట్టించుకోని, లైబ్రరీలు మార్చే డెవలపర్లే. సెక్యూరిటీ వారికి మీ ముఖం గుర్తుండేది అలాంటి వారంలోనే.

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా. కాంప్‌టియా వారి సెక్యూరిటీ ప్లస్ పునాది పాఠాలకు మంచిదే, రెజ్యూమెలను వడపోసేవారు దాని కోసం చూస్తారు కూడా. సీఐఎస్ఎస్‌పీ మీకు ఇప్పుడు కాదు. పరీక్ష నెగ్గినా ఐదేళ్ల అనుభవం చూపిస్తేనే ఆ బిరుదు ఇస్తారు, డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. ఓఎస్‌సీపీ పరీక్ష 23 గంటల 45 నిమిషాలు సాగుతుంది, ఆపైన నివేదిక రాయడానికి ఇంకో రోజు. పెనెట్రేషన్ టెస్టింగ్ (అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే పని) తప్ప వేరే వద్దనుకున్న రోజున దాని గురించి ఆలోచించండి. అప్పటిదాకా ఆ కష్టం మీ గ్రంథాలయం మీద పెట్టండి. మూడు లోపాలకూ ఒక్కో పేజీ రాయండి: ఎలా కనిపించింది, ఎవరికి నష్టం, ఎలా సరిచేశారు, సరైందని ఎలా తెలిసింది. ఆ చివరి ప్రశ్న దగ్గరే అందరూ జారిపోతారు.

ఇంకో మాట. నేను ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఇక్కడే బయటపెడుతున్నాను, నష్టం లేదు. లాగిన్ విఫలమైనప్పుడు ‘ఈ పేరుతో సభ్యులు లేరు’ అని చెప్పాలా, ‘పాస్‌వర్డ్ తప్పు’ అని చెప్పాలా? రెంటికీ ఒకటే సందేశం ఇవ్వాలని చాలామంది చెబుతారు. లేకపోతే ఏ పేర్లు ఉన్నాయో దొంగకు మనమే చెప్పినట్టు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు రెండో ప్రశ్న వేస్తాను: సందేశం ఒకటే అయినా దొంగకు తేడా తెలిసే దారి ఇంకేమైనా ఉందా? పేరు లేనప్పుడు హాష్ లెక్కించే పని ఉండదు కనుక జవాబు త్వరగా వచ్చేస్తుంది. గడియారం చూస్తే చాలు. మీరు ఎండీ5 తీసి బీక్రిప్ట్ పెట్టగానే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అంటే రెండో లోపాన్ని సరిచేస్తే మీకు నాలుగోది దొరుకుతుంది. ఎలా మూస్తారో రాసి పంపండి.

ప్రశ్న: ఒక సంస్థ వెబ్‌సైటులో నా బిల్లు చూస్తూ చిరునామాలో నంబరు మార్చితే వేరేవారి బిల్లులు కనిపించాయి. దీన్ని ఇంటర్వ్యూలో చెప్పుకుంటే నాకు ప్రతిభ ఉందని తెలుస్తుందా? వారిని ఉద్యోగం అడగవచ్చా?
– ఆఖరి సంవత్సరం విద్యార్థి

జవాబు: పై జవాబులో నేను చేసింది ఇదేగా అనుకుంటున్నారేమో. నేను కోడ్ యజమాని పంపిన లింకు తెరిచి, నా కంప్యూటర్‌లో నడిపి చూశాను. మీరు అనుమతి లేని చోట నంబరు మార్చారు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించడాన్ని చాలా దేశాల చట్టాలు నేరంగానే చూస్తాయి. తాళం వేయలేదు కదా అన్న వాదన నిలుస్తుందన్న భరోసా లేదు.

‘బిల్లులు’ అని బహువచనంలో రాశారు. ఎన్ని చూశారు? లోపం ఉందని తెలియడానికి ఒక్కటి చాలు. ఇక ఆపండి. కాపీలు ఉంటే ఎవరికీ పంపకండి. ఆ సంస్థ వెబ్‌సైటులో ‘సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలు ఉందేమో చూడండి. లోపాలు ఎవరికి తెలియజేయాలో రాసి పెట్టే ఫైలు అది, 2022లో ఆర్ఎఫ్‌సీ 9116గా దానికి ఒక పద్ధతి ఏర్పరచారు. లేకపోతే వారి సహాయ విభాగానికి రాయండి. ఏ పేజీ, ఏం మార్చారు, ఏం కనిపించింది, ఎప్పుడు, అంతే. అదే ఉత్తరంలో ఉద్యోగమో డబ్బో అడిగితే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, చదివేవారికి అది బెదిరింపులా వినిపిస్తుంది. విడిగా కూడా ఇప్పుడే అడగకండి.

ఇంటర్వ్యూలో ఆ సంస్థ పేరు ఎత్తారంటే ఉద్యోగం పోయినట్టే. రేపు మా లోపాలు కూడా ఇంకెక్కడో ఇలాగే చెబుతారనుకుంటాం. చేయి దురద తీరడానికి ఓవాస్ప్ వారి జ్యూస్ షాప్ ఉంది, కావాలని లోపాలతో కట్టిన అంగడి అది. పోర్ట్‌స్విగ్గర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీలో సాధనకు ల్యాబ్‌లు ఉచితం. అక్కడ ఎన్ని నంబర్లు మార్చినా ఎవరూ ఏమీ అనరు.

ప్రశ్న: సెక్యూరిటీ పనిముట్లతో వచ్చే కాలీ లైనక్స్ ఇన్‌స్టాల్ చేశాను. తరువాత ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: కాసేపు మూసేయండి. కమాండ్లు నేర్పే ఓవర్ ద వైర్ వారి బాండిట్ ఆట మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి. దానికి ఎస్ఎస్‌హెచ్ ఉంటే చాలు, పనిముట్ల మూట అక్కర్లేదు. ఇరవై మెట్లు ఎక్కాక మళ్లీ రాయండి. జవాబులు ఎక్కడినుంచో కాపీ చేసి ఎక్కితే మాత్రం రాయకండి, నాకు తెలిసిపోతుంది.